హద్దురాళ్ళు ఎరుగని బాటసారి

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, గుళ్ళ చరిత్ర, ఉద్యమాల చరిత్ర రాయగలిగిన పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. అందుచేత శాసనాలు వేయించుకోని, జయంతులు జరిపించుకోని ఒక జీవి చరిత్ర రాద్దామనుకున్నాను. ఆ జీవి పెద్దపులి. అందులోనూ పుట్టిన అడవిని విడిచి, వందల మైళ్ళు నడిచి, తానెన్నడూ చూడని చోట కాలుపెట్టే పులి.

ఇందులో సర్వేయరుకేం పని అని మిత్రులు అడగవచ్చు. సర్వే శాఖలో నేను చేసిన ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో పదకొండేళ్ళు పాత ఆదిలాబాదు జిల్లాలోనే గడిచాయి. ఆసిఫాబాదు, సిర్పూరు, ఉట్నూరు ప్రాంతాలలో గొలుసు లాగించి, హద్దురాళ్ళు వెతికించి, గ్రామ నక్షాలు సరిచూసినవాణ్ణి. ఇవాళ పత్రికలలో 'పులుల కారిడార్' అన్న మాట చదివినప్పుడల్లా నాకు అడవితోపాటు ఆ నక్షాల మీది గీతలు కూడా కళ్ళ ముందు మెదులుతాయి. ఆ గీతల సంగతి చివర మనవి చేస్తాను. ముందు పులి సంగతి చూద్దాం.

ఉత్తర్వు లేని బదిలీ

మనమందరం ఉద్యోగకాలంలో బదిలీల బాధ ఎరిగినవాళ్ళమే. పులికి బదిలీ ఉత్తర్వు ఉండదు, జాయినింగ్ టైం ఉండదు, టి.ఏ. బిల్లు అసలే ఉండదు. కాని బదిలీ మాత్రం తప్పదు.

పులిపిల్ల సుమారు ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ వరకు తల్లి వెంట ఉండి వేట నేర్చుకుంటుంది. ఆ తర్వాత తల్లి దాన్ని దగ్గరికి రానివ్వదు. ఆడపిల్ల అయితే సాధారణంగా తల్లి ఇలాకా పక్కనే చోటు చూసుకుంటుంది. మగపిల్ల దూరం పోవలసిందే. అక్కడే ఉంటే ఆ ఇలాకాను ఏలుతున్న పెద్ద మగపులి ఊరుకోదు. మన ఇళ్ళలో ఆడపిల్ల అత్తవారింటికి పోవడం, మగపిల్లవాడు ఇంటిపట్టున ఉండడం పాత ఆచారం. పులుల ఇంట్లో ఆ ఆచారం తలకిందులు.

దీనికి రెండు కారణాలు. ఒకటి తిండి. ఒక పులికి ఏడాదికి సుమారు యాభై జింకలు కావాలి. అంటే వారానికి ఒక వేట. ఒకే చోట అందరూ ఉంటే ఆ అడవి చాలదు. రెండవది రక్తసంబంధం. పులికి మేనరికం పనికిరాదు. దగ్గరి రక్తంలోనే సంతానం కలుగుతూ పోతే తరాలు గడిచేకొద్దీ జాతి బలహీనపడుతుంది. కొత్త రక్తం రావాలంటే ఎవరో ఒకరు నడిచి రావాలి. ఆ నడిచేది ఎక్కువగా కుర్ర మగపులి.

కాబట్టి ఊరి పొలిమేరలో కనపడిన పులిని 'దారి తప్పిన పులి' అని మనం అనడం సరికాదు. చాలా సందర్భాలలో అది దారి తప్పలేదు. దారి వెతుక్కుంటున్నది.

మూడువేల కిలోమీటర్ల నడక

ఆ వెతుకులాట ఎంత దూరం సాగుతుందో 2019లో లోకానికి తెలిసింది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో టిప్పేశ్వర్ అనే అభయారణ్యం ఉంది. పెన్‌గంగ నది దాటితే మన ఆదిలాబాదు జిల్లా వస్తుంది. ఆ అభయారణ్యం విస్తీర్ణం 148 చ.కి.మీ. మాత్రమే. అక్కడ పుట్టిన ఒక కుర్ర మగపులి మెడకు 2019 మొదట్లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థవారు రేడియో పట్టీ కట్టారు. ఆ జూన్ నెలలో, అంటే తొలకరి వేళ, అది ఇల్లు విడిచింది.

అక్కణ్ణుంచి మహారాష్ట్ర, తెలంగాణలలోని ఏడు జిల్లాలు తిరిగింది. మన ఆదిలాబాదు వైపు కూడా వచ్చి వెళ్ళింది. పగలు వాగుల ఒడ్డున, పొదలలో, ఏపుగా పెరిగిన పత్తిచేలలో పడుకునేది. రాత్రి నడిచేది. రోడ్లు దాటింది, నదులు దాటింది, ఊళ్ళ పక్కగా పోయింది. ఆకలివేస్తే అడవిపందినో, పశువునో పట్టింది. ఇంత నడకలో అది మనిషిని గాయపరచినది ఒకే ఒక్కసారి. అది పడుకున్న పొదలోకి మనుషులు వెళ్ళినప్పుడు జరిగిన సంఘటన అది. చివరకు డిసెంబరు నెలలో బుల్దానా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. 2020 ఏప్రిల్‌లో పట్టీ తీసేనాటికి లెక్క చూస్తే అది నడిచిన దూరం 3,000 కి.మీ. దాటింది. దానికి 'వాకర్' అని పేరు పెట్టారు.

ఇంతా నడిచి అది చేరిన చోట తిండి ఉంది, నీరు ఉంది. ఆడతోడు లేదు. 205 చ.కి.మీ. అడవిలో అదొక్కటే పులి. ఇల్లు కట్టుకున్నా సంసారం లేకపోయింది. మన దేశంలో పులి ఎంత దూరం పోగలదో, పోయినా ఏ ఇబ్బందిలో పడుతుందో రెండూ ఈ ఒక్క కథలో ఉన్నాయి.

పాశ్చాత్య దేశాలలోనూ ఇటువంటి బాటసారులు ఉన్నారు. 2011 సెప్టెంబరులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒక కుర్ర తోడేలు తన గుంపును విడిచి, ఆ డిసెంబరు చివర కాలిఫోర్నియాలో అడుగుపెట్టింది. 1924 తర్వాత ఆ రాష్ట్రంలో తోడేలు ఉన్నట్టు రుజువు దొరకడం అదే మొదటిసారి. అదే ఏడాది జూన్‌లో తూర్పుతీరంలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక కూగర్, అంటే అక్కడి కొండసింహం, కారు తగిలి చచ్చిపోయింది. దాని జన్యువులు పరీక్షిస్తే దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ కొండలదని తేలింది. రెండువేల కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చిందన్న మాట. యూరపులో అయితే స్లావ్‌చ్ అనే తోడేలు 2011 డిసెంబరులో స్లొవేనియా విడిచి, మంచుకొండల మీదుగా ఆస్ట్రియా దాటి, మరుసటి వసంతానికి ఇటలీలోని వెరోనా నగరం దగ్గరి కొండలు చేరింది. అక్కడ దానికి ఒక ఆడ తోడేలు తటస్థపడింది. వెరోనా రోమియో జూలియెట్ల ఊరు గనుక ఆ ఆడదానికి జూలియెట్ అని పేరు పెట్టారు. వాటికి పిల్లలు కలిగి, ఆ కొండలలో తోడేళ్ళ సంతతి మళ్ళీ నిలిచింది.

ఒకటి తోడు దొరికి సంసారి అయింది. ఒకటి రోడ్డు మీద ప్రాణం విడిచింది. మన వాకర్ ఒంటరిగా మిగిలింది. నడక అన్నిటిదీ ఒకటే, ఫలితాలు వేరు. ఆ తేడాకు కారణం దారిలో మనం ఏర్పరచిన పరిస్థితులే.

దారులు ఎట్లా తెగాయి

పూర్వం ఈ దారుల గురించి ఎవరూ మాట్లాడవలసిన అవసరం లేకపోయింది. గోదావరికి ఉత్తరాన, ప్రాణహితకు అటూ ఇటూ అడవి ఏకంగా ఉండేది. పులిగుట్ట, పులిమడుగు వంటి పేర్లు మన జిల్లాలలో ఊరికే పుట్టలేదు.

తర్వాత వేటకాలం వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వం పులిని చీడ కింద జమకట్టి, చంపినవానికి బహుమతి ఇచ్చింది. రాజులకు, దొరలకు అది వినోదమైంది. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం అతిథిగా వచ్చి వరంగల్లు వైపు నెక్కొండ అడవులలో పులివేట ఆడాడు. ఆ వేట తాలూకు ఛాయాచిత్రాలు రాజా దీన్‌దయాళ్ తీసినవి నేటికీ ఉన్నాయి. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్ళలో దేశం మొత్తం మీద 80,000కు పైగా పులులు హతమయ్యాయని చరిత్రకారులు మహేశ్ రంగరాజన్ గారు లెక్క తేల్చారు.

తుపాకి ఒక్కటే కాదు. మన ఉత్తర జిల్లాల సంగతే చూడండి. కాజీపేట నుంచి బల్లార్షా వరకు రైలుమార్గం అడవి నడుమ నుంచి పోయింది. బెల్లంపల్లి ప్రాంతంలో బొగ్గుగనులు వచ్చాయి. 1938లో స్థాపించిన సిర్పూరు కాగితపు మిల్లుకు వెదురు కావలసివచ్చింది. ఇవన్నీ మనకు అన్నం పెట్టినవే. మనలో ఎందరో ఆ ఉద్యోగాలు చేసినవారే. వాటిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కాని అడవి ముక్కలైంది, ముక్కల నడుమ ఖాళీ పెరిగింది అన్నది మాత్రం నక్షా మీద కనిపించే నిజం.

1970లో పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడు జరిపిన గణనలో దేశంలో 1,827 పులులే ఉన్నాయని తేలింది. 1973 ఏప్రిల్‌లో తొమ్మిది అడవులతో 'ప్రాజెక్టు టైగర్' ప్రారంభమైంది. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ఆ జాబితాలో చేరింది. ఆదిలాబాదు జిల్లాలో కవ్వాల్ 1965లోనే అభయారణ్యమైనా, పులుల రక్షితప్రాంతం కావడానికి 2012 వరకు ఆగింది.

ఈ రక్షణ వల్ల మేలు జరిగింది. సందేహం లేదు. అయినా 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులి కూడా మిగలలేదని బయటపడింది. 2006లో కొత్త పద్ధతిన లెక్కిస్తే దేశమంతటా 1,411 పులులే తేలాయి. ఆపైన జాగ్రత్తలు పెరిగి 2022 లెక్కకు ఆ సంఖ్య 3,682కు చేరింది. పులులు పెరిగాయి, అడవి పెరగలేదు. పెరిగిన పిల్లలు ఎటు పోవాలి? నడవవలసి వచ్చింది.

ఆదిలాబాదుకు తిరిగి వచ్చిన పులి

పెన్‌గంగ వచ్చి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ నదులు రెండు రాష్ట్రాలకు సరిహద్దు. మనకు సరిహద్దు గాని పులికి కాదు. పులి బాగా ఈదుతుంది. నదికి అవతల చంద్రపూర్ జిల్లాలోని తాడోబా అడవులలో పులులు నిండిపోయాయి. అక్కడ ఏటా పదుల సంఖ్యలో మనుషులు పులుల బారిన పడుతున్నారంటే ఆ ఇరుకు మనకు అర్థమవుతుంది.

అట్లా తాడోబా వైపు నుంచి వచ్చిన ఒక ఆడపులి సుమారు 2015 నుంచి కాగజ్‌నగర్ అడవులలో స్థిరపడింది. అటవీ సిబ్బంది దానికి ఫాల్గుణ అని పేరు పెట్టారు. అది ఇక్కడే పిల్లలను కన్నది. పులి జాడ దాదాపు పోయిందనుకున్న అడవిలో పిల్లలు పుట్టాయి. ఎవరూ లారీలో తెచ్చి వదలలేదు. తన కాళ్ళ మీద తాను వచ్చింది.

ఇక్కడ ఒక వింత ఉంది. ప్రభుత్వం పులుల కోసం ఏర్పరచినది కవ్వాల్. పులులు కాపురం పెట్టినది ఎక్కువగా కాగజ్‌నగర్ వైపు, అంటే ఆ ఇంటికి పోయే దారిలో. కవ్వాల్ నడిబొడ్డుకు వచ్చి చూసి వెళ్ళిన పులులు ఉన్నాయి గాని అక్కడ నిలకడగా ఉండిపోయినవి అరుదు. పులి ఇంట్లో కాక వాకిట్లో కాపురం పెట్టిందన్న మాట. ఆ వాకిట్లోనే పత్తిచేలు, పశువులు, ఊళ్ళు ఉన్నాయి.

2024లో మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి ఒక మగపులి ఆదిలాబాదు, నిర్మల్ జిల్లాలలోకి వచ్చింది. ఆడతోడును వెతుక్కుంటూ వారాల తరబడి తిరిగింది. దానికి 'జానీ' అని పేరు పెట్టి పత్రికలు రోజూ దాని మజిలీలు రాశాయి. అది ఒక రాత్రి హైదరాబాదు-నాగపూర్ రహదారిని కూడా దాటిందని రాశారు. ఇదే 44వ నంబరు రహదారి మీద, నాగపూర్‌కు ఉత్తరాన పెంచ్ అడవుల దగ్గర, జంతువులు కిందినుంచి పోయేందుకు ఎత్తైన వంతెనలు కట్టారు. పులులు వాటి కిందుగా నడిచిపోతున్న చిత్రాలు కెమెరాలకు దొరికాయి. అంటే దారి చూపిస్తే పులి ఆ దారినే పోతుందని రుజువైంది.

చెల్లించిన మూల్యం

ఇంతవరకు చదివి పులి మీద జాలి కలిగితే మంచిదే. కాని ఆ జాలి బస్తీలో కూర్చుని పడే జాలి కాకూడదు.

2020 నవంబరులో కొమురంభీం ఆసిఫాబాదు జిల్లాలో ఒకే నెలలో ఇద్దరిని పులి చంపింది. ఒకరు యువకుడు. రెండవది పత్తి ఏరడానికి పోయిన చిన్నవయసు ఆడపిల్ల. మళ్ళీ 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తిచేనులో పనిచేస్తున్న యువతి పులి దాడిలో చనిపోయింది. మరునాడే సిర్పూరు వైపు పొలంలో ఒక రైతు గాయపడ్డాడు. రెండు సంవత్సరాలలోనూ నెల ఒకటే కావడం గమనించండి. నవంబరు నాటికి పత్తి, కంది మనిషెత్తున ఉంటాయి. పులికి అవి పొదలతో సమానం. కూలీలు వంగి పత్తి తీసే రోజులూ అవే. వంగి ఉన్న మనిషి పులి కంటికి నాలుగుకాళ్ళ జంతువులా కనపడతాడని అనుభవజ్ఞులు చెబుతారు.

ఆ సంఘటన తర్వాత అటవీశాఖవారు కూలీలకు ముఖం బొమ్మలు పంచి, తల వెనక తగిలించుకోమన్నారు. వెనకనుంచి వచ్చే పులికి మనిషి తనవైపే చూస్తున్నట్టు ఉంటుందని దాని ఉద్దేశం. ఈ పద్ధతిని 1980లలో బెంగాల్‌లోని సుందరవనాలలో వాడారు. ఉదయం పది దాటాక చేలకు పోయి సాయంత్రం నాలుగు లోపల ఇల్లు చేరమని కూడా చెప్పారు. మంచి సలహాయే. కాని రోజుకూలి మీద బతికే మనిషికి ఆ పోయిన గంటలకు కూలి ఎవరిస్తారు?

పులులూ మిగలలేదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవులలో రోజుల తేడాతో రెండు పులుల కళేబరాలు దొరికాయి. పులి చంపిన పశువు మీద విషం చల్లిన విషయం బయటపడి అరెస్టులు జరిగాయి. 2025 మే నెలలో పెంచికల్‌పేట మండలంలో అడవి జంతువుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి ఒక ఆడపులి చచ్చింది. ఆవు పోయినవాని కోపం మనకు తెలియనిది కాదు. ఒక పాడి ఆవు పోతే ఆ ఇంటికి ఏడాది గడవదు. పరిహారం కాగితం ఎన్ని బల్లలు దాటి రావాలో మనకన్నా బాగా ఎరిగినవారెవరు?

దారి మూసుకుపోతే

దారులే లేకుండా చేస్తే పోదా, పులి తన అడవిలో తాను ఉంటుంది కదా అని కొందరు అంటారు. దానికి జవాబు ఒడిశాలో ఉంది.

మయూర్‌భంజ్ జిల్లాలోని సిమిలిపాల్ అడవి చాలాకాలంగా ఇతర పులుల అడవులకు దూరమై ఒంటరిగా ఉండిపోయింది. అక్కడ చారలు వెడల్పై, ఒంటినిండా నలుపు కమ్మిన పులులు కనపడసాగాయి. చూడడానికి అబ్బురమే. కాని బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రానికి చెందిన ఉమా రామకృష్ణన్ గారి బృందం పరిశోధించి, ఒకే ఒక జన్యువులో వచ్చిన మార్పు దానికి కారణమని, పులులు కొద్దిగా ఉండి దగ్గరి రక్తంలోనే సంతానం కలగడం వల్ల అది అక్కడ అంతగా వ్యాపించిందని 2021లో ప్రకటించింది. నేను పైన చెప్పిన మేనరికం ఇదే.

కొత్త రక్తం కోసం 2024 చివర తాడోబా నుంచి రెండు ఆడపులులను సిమిలిపాల్‌కు తరలించారు. వాటిలో జీనత్ అనేది వదిలిన కొద్ది రోజులకే అడవి దాటింది. డిసెంబరులో ఝార్ఖండ్‌లోకి, అక్కణ్ణుంచి పశ్చిమ బెంగాల్‌లోకి పోయింది. మూడు రాష్ట్రాల సిబ్బంది మూడు వారాలు వెంటపడ్డారు. చివరకు డిసెంబరు 29న బాంకురా జిల్లాలో మత్తు ఇచ్చి పట్టి, వెనక్కు తెచ్చారు.

దీనికి పదిహేనేళ్ళ ముందు మధ్యప్రదేశ్‌లోనూ ఇదే జరిగింది. 2009లో పన్నా అడవిలో పులులు పూర్తిగా పోతే పెంచ్ నుంచి ఒక మగపులిని తెచ్చి వదిలారు. అది నెల తిరగకుండా పుట్టింటి వైపు దారి పట్టింది. సిబ్బంది ఏనుగుల మీద దాని వెంట తిరిగి డిసెంబరు 25న పట్టి మళ్ళీ తెచ్చారు. ఈసారి అది నిలిచింది. 2010 ఏప్రిల్‌లో పిల్లలు పుట్టాయి. పన్నా మళ్ళీ పులుల అడవి అయింది.

ఈ రెండు కథలలో ఒక నీతి ఉంది. దారి మూసినందువల్ల పులి ఆగదు. దారి మూసిన తర్వాత మనమే లారీ పెట్టి, మందు పెట్టి, వందలమంది సిబ్బందిని పెట్టి మోయవలసి వస్తుంది. అంత చేసినా అది తన లెక్క ప్రకారం నడుస్తుంది. కాగజ్‌నగర్‌కు ఫాల్గుణ వచ్చినప్పుడు ఖజానాకు ఒక్క పైసా ఖర్చు కాలేదు.

నక్షాబాట

ఇప్పుడు మొదట చెప్పిన గీతల సంగతి. గ్రామ నక్షాలో పట్టా భూముల హద్దులు నిండుగీతలతో ఉంటాయి. వాటి నడుమ బండిబాట పోయేచోట చుక్కల గీతలు ఉంటాయి. ఊరివాళ్ళు దాన్ని నక్షాబాట అంటారు. ఆ బాట పట్టాదారుల పొలాల నడుమ నుంచే పోతుంది. బాట ఉన్నందువల్ల పట్టాదారు భూమి పోదు. పట్టా ఉన్నందువల్ల అతడు బాటను దున్నకూడదు. ఇద్దరి హక్కూ ఒకే కాగితం మీద నిలుస్తుంది. మా శాఖలో వచ్చిన తగాదాలలో సగం ఈ సూత్రం మరచినందువల్ల వచ్చినవే.

ఎనభైలలో సిర్పూరు వైపు ఒక గోండు గూడెంలో కొలతలు వేస్తున్నప్పుడు, వాగు వెంట పోయే ఒక కాలిబాటను ఎవరి పేర రాయాలని అక్కడి పటేలును అడిగాను. పెద్దమనిషి నవ్వి, "గా తొవ్వ ఎవ్వలిది గాదు సారూ. పగటీలి మేం నడుస్తం, రాత్రి పులి నడుస్తది" అన్నాడు. ఆనాటికే అక్కడ పులిని చూసినవాళ్ళు తగ్గిపోయారు. అయినా ఆయన దృష్టిలో రాత్రిపూట హక్కు పులిదే.

ఆ మాట ఇప్పుడు మళ్ళీ అవసరమైంది. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం తాడోబా-కవ్వాల్ నడుమ సుమారు 1.49 లక్షల హెక్టార్లను కొమురంభీం కన్సర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జి.వో. జారీ చేసింది. పులుల దారిని కాపాడడమే దాని ఉద్దేశం. ఆదివాసులు తమ ఊళ్ళు, పోడు భూములు పోతాయని ఆందోళన చేశారు. జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

ఆ భయం ఊహ కాదు. నిజాం కాలంలో అడవులకు రిజర్వు హద్దులు వేసి గోండులను, కొలాములను సాగుభూముల నుంచి వెళ్ళగొట్టారు. దాని మీదనే కొమురం భీం తిరగబడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలు విడిచాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ పండితుణ్ణి పిలిపించి గోండుల స్థితిగతులను విచారింపజేసింది. హద్దురాయి పాతితే ఎవరి ఇల్లు అవతల పడుతుందో ఆ జిల్లా ప్రజలకు తాతల నాటినుంచి తెలుసు. అదే భీం పేరు మీద హద్దు వేస్తామంటే వాళ్ళు అనుమానించడంలో ఆశ్చర్యం లేదు.

నాకు తోచినది ఒక్కటే. పులి అడుగుతున్నది పట్టా కాదు, నక్షాబాట. అడవిదారిలో ఉన్న ఊరిని లేపనక్కరలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద రావలసిన పట్టాలు ముందు ఇచ్చి, ఆ తర్వాత దారి గీయాలి. వాగుల ఒడ్డు చెట్లను ఉంచాలి. కొత్త రోడ్డు వేస్తే కిందినుంచి దారి వదలాలి. కరెంటు తీగలను అరికట్టాలి. పశువు పోయినవానికి పరిహారం నెలలోపల చేతికి అందాలి. పత్తి ఏరే ఆ రెండు నెలలు కూలీలకు తోడుగా మనుషులను పెట్టాలి. గూడెంవాళ్ళనే ఆ పనికి జీతం మీద పెట్టుకుంటే పులి జాడ వాళ్ళకన్నా బాగా కనిపెట్టేవారు లేరు. ఇందులో ఏదీ అసాధ్యం కాదు. అన్నీ మనవంటి ఉద్యోగులు చేయగల పనులే.

వేటకాలంలో పులికి చోటు లేదన్నాం. ఆ తర్వాత అడవికి గీత గీసి, లోపల పులి, బయట మనిషి అన్నాం. ఆ రెండు కాలాలలోనూ మనం లెక్కలోకి తీసుకోనిది దాని నడక. వాకర్, ఫాల్గుణ, జానీ వచ్చి ఆ లోటును గుర్తు చేశాయి.

చివరగా సభ్యులకు ఒక మనవి. మీ స్వగ్రామంలోగాని, పనిచేసిన ఊళ్ళలోగాని పులి పేరుతో ఉన్న గుట్ట, మడుగు, బాట ఉంటే, ఆ పేరు, ఆ చోటు, పెద్దలు చెప్పిన కథ ఒక కార్డు మీద రాసి సంఘం కార్యాలయానికి పంపండి. వచ్చినవన్నీ జిల్లా నక్షా మీద గుర్తుపెట్టి చూస్తే, పులులు పూర్వం నడిచిన దారులలో కొన్నయినా మన కంటికి కనపడతాయి. ఆ గుర్తులు పెట్టే పని నేను చేస్తాను. చేయి ఇంకా వణకడం లేదు.